పళ్ళక్క రాసిన జంటపదాల పరీక్ష

మా వీధిలో ఆమెను అందరూ పళ్ళక్క అనేవాళ్ళు. ఆమె పళ్ళు ఎత్తుగా ఉంటాయని కాదు, ఆమె పళ్ళు చేస్తుందని. పెద్ద రోడ్డు మలుపులో, మందుల షాపు పై అంతస్తులో, దంతవైద్యులకు కట్టుడుపళ్ళూ క్యాపులూ చేసి పంపే ల్యాబు ఒకటుంది. డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి పంపిస్తే, అందులో ప్లాస్టర్ పోసి దవడ తయారుచేసి, దాని మీద మైనంతో పన్ను మలచడం ఆమె పని. చదువు అయిన ఏడాదే అందులో చేరింది. పన్ను రంగు సరిచూసుకోవడానికి ట్యూబులైటు పనికిరాదని, చేతిలో ఆ కాస్త పింగాణీ ముక్క పట్టుకుని రోజుకు ఎన్నిసార్లు కిటికీ దగ్గరికి నడిచేదో లెక్కే లేదు.

ఎవరైనా నవ్వితే ముందు ఆమె చూపు పళ్ళ మీదికే పోయేది. పక్కవాటా అద్దెకు చూడటానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన మర్యాదగా నవ్వితే, "మీ పై వరసలో మూడోది క్యాపు కదండీ? రంగు కలవలేదు" అనేసింది. ఆయన ఆ ఇంట్లో దిగలేదు. వాళ్ళమ్మ వారం రోజులు సణిగింది.

పళ్ళక్కకు వినపడదు. పుట్టుకతో కాదు. ఏడేళ్ళప్పుడు జ్వరం వచ్చి, తగ్గి, పోతూ పోతూ వినికిడిని తీసుకుపోయింది. అప్పటికే మాటలు వచ్చేశాయి కాబట్టి మాట్లాడుతుంది. గొంతు కాస్త బండగా, ఒక్కోసారి అవసరానికి మించి పెద్దగా వస్తుంది, అంతే. ఎడమ చెవికి మిషన్ పెట్టుకుంటే మనుషులు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. అది తెలియడానికి పెదాలు చూడాలి.

పెదాలు చదవడం నేర్పింది వాళ్ళమ్మే. ఆవిడ దర్జీ. ఇంటి ముందు గదే షాపు. కొలతలకు వచ్చినవాళ్ళు చూసుకోవడానికి గోడకు నిలువుటద్దం ఉండేది. పిల్లను అద్దం ముందు కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చుని, ఇద్దరి పెదాలూ కనిపించేలా ఒక్కో మాటా పలికించేది. ఒక్కటే ఇబ్బంది. పని చేస్తున్నంతసేపూ ఆవిడ నోట్లో గుండుసూదులుంటాయి. వాటిని పెదాలతో బిగించి పట్టుకుని మాట్లాడుతుంది. "అమ్మా, సూదులు తీసి మాట్లాడు" అనడం పళ్ళక్కకు "అమ్మా, ఆకలి" అనడమంత అలవాటు.

పెదాలు చదవడంలో ఒక చిక్కుంది. ప, బ, మ మూడూ పెదాల మీద ఒకేలా కనిపిస్తాయి. పాట, బాట, మాట తేడా చెవికే గానీ కంటికి లేదు. ఆమెకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు ఒక సాయంత్రం తల్లి కత్తెర పట్టుకునే, "మామకి పక్క వెయ్యవే" అంది. పళ్ళక్కకు అది "పాపకి పక్క వెయ్యవే" అని కనిపించింది. ఎవరో చంటిపిల్లతో వస్తున్నారనుకుని మంచం మీద చిన్న బొంత పరిచి, బొమ్మ దిండు పెట్టి, దొర్లి పడిపోకుండా రెండు పక్కలా తలగడలు అడ్డం పేర్చింది. గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుగు రాని మనిషి ఆ మేనమామ. మంచం చూసి, "ఏంటక్కా, నేనింకా దొర్లి పడే వయసులోనే ఉన్నాననుకున్నారా?" అన్నాడు. అప్పట్నుంచి ఆమె ఒక్క మాటను నమ్మడం మానేసింది. ముందేముందో, వెనకేముందో చూసి, అప్పుడు ఆ మాటేమిటో తేల్చుకునేది.

ముప్ఫై దాటాక ఆమెకు మళ్ళీ చదువుకోవాలని పుట్టింది. దానికి కారణం పింగాణీ క్యాపులు. కొన్ని క్యాపులు పొయ్యిలోంచి తీసినప్పుడు నిక్షేపంలా ఉండేవి. బల్ల మీద చల్లారాక చూస్తే వెంట్రుకంత గీత. ఎందుకని ల్యాబు యజమానిని అడిగితే, "ఎందుకో ఒకందుకు. ఇంకోటి చెయ్యి" అనేవాడు. ఇంకోటి చేసేది. ఆ "ఎందుకో ఒకందుకు" మాత్రం ఆమెకు మింగుడుపడలేదు. ఇంటి దగ్గరుండి చదివిన సైన్సు డిగ్రీ ఎలాగూ ఉంది. యూనివర్సిటీలో పదార్థాల మీద పీజీ కోర్సు ఉందని తెలిసి దరఖాస్తు పెట్టింది. అక్కడి పీజీలన్నిటికీ ఒకటే ప్రవేశపరీక్ష; అందులో సగం లెక్కలు, సగం ఇంగ్లీషు.

"ప్లాస్టర్‌కీ పింగాణీకీ ఇంగ్లీషెందుకే?" అంది తల్లి.

"వాటికి అక్కర్లేదమ్మా. నాకు కావాలట."

లెక్కలతో ఆమెకు పేచీ లేదు. ఇంగ్లీషులో వ్యాసాలూ పర్వాలేదు, చిన్నప్పట్నుంచి పుస్తకాలే ఆమెకు కాలక్షేపం. నమూనా ప్రశ్నపత్రంలో భయపెట్టినవి జంటపదాలు. ఒకేలా ఉండి వేరే అర్థమిచ్చే మాటలు. ప్రిస్క్రైబ్ అంటే మందు రాసివ్వడం; ప్రోస్క్రైబ్ అంటే నిషేధించడం. ఎలిసిట్ అంటే రాబట్టడం. ఇల్లిసిట్ అంటే చట్టం ఒప్పుకోనిది. ఒక వాక్యం ఇచ్చి, ఖాళీ వదిలి, రెంటిలో ఏదో పెట్టమంటారు. ఇలాంటివి వందల కొద్దీ ఉన్నాయి. ఒక్కర్తే కూర్చుని నేర్చుకోవడం అయ్యే పని కాదని కోచింగుకు వెళ్ళింది.

కోచింగు టైర్ల దుకాణం మేడ మీద. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన. పైన ఒకే గది, తెల్లబోర్డు, తిరిగేటప్పుడు తల ఊపే ఫ్యాను, ఉద్యోగాల నుంచి నేరుగా వచ్చి కూర్చున్న పాతికమంది. చెప్పేది ఇంగ్లీషు మాస్టారు. యాభై దాటిన మనిషి. ఈ పరీక్షకు జంటపదాలు చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడని ఊరంతా అనేవారు. అది నిజమే. కానీ పళ్ళక్క మొదటి బెంచీలో కూర్చుని ఆయన మొహంలోకి చూసేసరికి ఆమెకు గుండె జారిపోయింది. ఆయనకు మీసముంది. మామూలు మీసం కాదు. ముక్కు కింద మొదలై, పైపెదవిని పూర్తిగా కప్పేసి, కింది పెదవి మీదికి చూరులా వాలిన మీసం. ఆ చూరు కింద మాటలు పుట్టి అక్కడే పోతున్నాయి. గంటసేపు చూస్తే ఆమెకు అందింది "అంటే" ఒక్కటే.

క్లాసు అయ్యాక ఉండిపోయింది. తనకు వినపడదని, పెదాలు చూసి తెలుసుకుంటానని చెప్పింది. ఆయన ఆదరంగానే తలూపారు. అప్పుడు అడిగింది.

"సార్, ఏమనుకోకండి. మీసం కాస్త కత్తిరించుకోగలరా? పైపెదవి కనిపించేంత వరకు."

ఆయన మొహం మారిపోయింది. ఏదో అన్నారు. ఏమన్నారో కనిపించదు కదా! అది తట్టి బోర్డు దగ్గరికెళ్ళి పెద్ద అక్షరాలతో రాశారు: "కుదరదు." కింద ఇంకో లైను రాశారు: "నోట్సు రాసివ్వడానికి ఒకరిని పెడతాను."

అలా పెట్టిన మనిషి నర్సు. ఆసుపత్రి నిర్వహణలో పీజీ చెయ్యాలని వస్తోంది. వయసులో చిన్నది, చేతి వేగం ఎక్కువ. డ్యూటీ దిగి యూనిఫారం మీదే వచ్చి పళ్ళక్క పక్కన కూర్చునేది. "నువ్వు దిగులు పడకక్కా, ఆయన దగ్గినా రాసిపెడతా" అంది. అన్నట్టే రాసేది. ఇద్దరికీ స్నేహం కుదిరింది. పళ్ళక్క ఇంటికెళ్ళి, తల్లి మిషను తొక్కుతుంటే ఎదురుగా కూర్చుని ఆ నోట్సంతా బట్టీ పట్టేది.

నెల తిరక్కుండా మాస్టారు నమూనా పరీక్ష పెట్టారు. దిద్దిన కాగితాలు పంచుతూ పళ్ళక్క ముందు ఆగి, కాగితం బల్ల మీద పెట్టి, వేలితో టకటకా కొట్టారు. జంటపదాల్లో సగానికి పైగా తప్పులు. అదీ ఎటువంటి తప్పులు! పేరుమోసిన సర్జన్ అని రావలసిన చోట, జరగబోయే సర్జన్ అని వచ్చింది. డాక్టరు రోగి నుంచి వివరాలు రాబట్టాడనడానికి, వివరాలను చట్టవిరుద్ధం చేశాడని వచ్చింది.

"శ్రద్ధ పెట్టడం లేదు" అని కాగితం మీద రాశారాయన.

పళ్ళక్కకు ఒళ్ళు మండింది. నోట్సు తీసి ఆయన ముందు పెట్టి, "ఇందులో ఉన్నదే రాశాను సార్. చూసుకోండి" అంది. గొంతు పెద్దగా వచ్చిందని అందరూ ఇటు తిరిగినప్పుడు తెలిసింది.

మాస్టారు చూశారు. ఎమినెంట్ ఉండాల్సిన చోట ఇమినెంట్, ఎలిసిట్ ఉండాల్సిన చోట ఇల్లిసిట్. కాంప్లిమెంట్ అయితే మరీ. మధ్యలో 'ఐ' ఉంటే పొగడ్త, 'ఈ' ఉంటే లోటు పూరించేది. నర్సు రెండింటికీ 'ఈ'యే రాసి, ఎదురుగా రెండర్థాలూ వేసింది.

నర్సు లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది. "మీరు చెప్పింది చెప్పినట్టే రాశాను సార్. నాకు రెండూ ఒకలాగే వినిపించాయి."

వెనక బెంచీలోంచి ఎవరో "నాకూ అంతే సార్" అన్నారు. మాస్టారు వరసగా నలుగురి పుస్తకాలు తెప్పించుకుని చూశారు. నాలుగూ నాలుగు రకాలుగా ఉన్నాయి. చెప్పడం చక్కగా చెప్పేవారు, బోర్డు మీద రాసేది తక్కువ. ఇన్నేళ్ళుగా క్లాసులో సగంమంది చెవికి తోచింది రాసుకుని, ఇంటికెళ్ళి పుస్తకం చూసి దిద్దుకుంటున్నారో, దిద్దుకోకుండానే పరీక్షకు పోతున్నారో ఆయనకెవరూ చెప్పలేదు.  

మర్నాటి నుంచి ప్రతి జంటా బోర్డెక్కింది. రెండు మాటలూ పక్కపక్కన, తేడా ఉన్న అక్షరం ఎర్ర రంగులో. పళ్ళక్క తనకు తోచిన గుర్తులు తాను పెట్టుకునేది. డిస్క్రీట్ అని పలికేవి రెండున్నాయి: ఒకటి విడివిడిగా ఉన్నది, ఇంకోటి గుట్టు బయటపెట్టనిది. మొదటిదాని పక్కన సందులున్న పళ్ళవరస బొమ్మ వేసింది. రెండోదాని పక్కన మూసుకున్న నోరు. నర్సు ఆ బొమ్మలు చూసి, "నాకూ వేసివ్వక్కా" అని తన పుస్తకంలోకి ఎక్కించుకుంది.

ఒకరోజు క్లాసు మధ్యలో ఎవరో ఏదో హాస్యమాడితే మాస్టారు తల వెనక్కి వాల్చి పెద్దగా నవ్వారు. మీసం పైకి లేచింది. పళ్ళక్క చూపు అలవాటు కొద్దీ పళ్ళ మీదికి పోయింది. ముందు పళ్ళలో ఎడమ పక్కన ఒక పన్ను లేదు. దాని చోట పాతకాలం కట్టుడు పన్ను, దాని పైన చిగురు లోపలికి లాగి కుట్టినట్టు ముడత. అలాంటి అచ్చులు ల్యాబుకు ఎన్నో వచ్చేవి. పెదవీ అంగిలీ చీలి పుట్టిన పిల్లలవి. పెదవి కుట్టేశాక కూడా ఆ చోట పన్ను సరిగ్గా రాదు. ఆ మీసం ఎందుకుందో ఆమెకు ఆ క్షణంలో తెలిసిపోయింది. తాను అడిగినదేమిటో కూడా తెలిసింది. మిగిలిన క్లాసంతా తల ఎత్తి ఆయన్ని చూడలేకపోయింది.

అందరూ వెళ్ళాక దగ్గరికెళ్ళింది. "మాస్టారూ, ఆ రోజు నేనడిగింది మర్చిపోండి. మీసం అలాగే ఉండనివ్వండి. బోర్డు మీద రాస్తున్నారుగా, చాలు."

ఆయన మార్కర్ అందుకుని, "ఇప్పుడెందుకిలా అంటున్నావు?" అని రాశారు.

"నా పనే అది కదండీ. పళ్ళు చూస్తే తెలుస్తుంది."

ఆయన రాసింది తుడిచేశారు.  తలుపు తాళం వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. అదీ తప్పుగానే అన్నానేమోనని పళ్ళక్క రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

పరీక్ష ఇంకా కొన్ని వారాలుందనగా ఒక సోమవారం గదిలోకి ఎవరో కొత్తాయన వచ్చి మాస్టారి కుర్చీలో సంచీ పెట్టాడు. మాస్టారికి ఒంట్లో బాగోలేదేమో, బదులుగా ఎవర్నో పంపారనుకున్నారు. సంచీ మాస్టారిదే. చొక్కా కూడా. మీసమే లేదు. ముక్కు నుంచి పైపెదవి అంచు దాకా తెల్లటి గీత, అక్కడ పెదవి కాస్త పైకి లాగినట్టు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన వినిపించుకోనట్టు బోర్డు తుడిచి, ఇటు తిరిగి, అందరికీ కనిపించేలా నిలబడి చెప్పారు. పళ్ళక్క ఆయన నోట చదివిన మొదటి మాటలవి, సగం చూసి, సగం ఊహించి.

"పుట్టినప్పుడు పెదవి చీలి ఉండేది. చిన్నప్పుడే కుట్టారు. చూడ్డం అయిపోయిందా? అయితే పేజీ తియ్యండి."

ఆ సాయంత్రం మెట్ల దగ్గర పళ్ళక్కతో అన్నారు: "మా ఆవిడ పెళ్ళయ్యాక మొదటిసారి చూసింది నా మొహం. బాగానే ఉందంది. నిజమో అబద్ధమో నేనడగలేదు."

ఇంత చేస్తే తేలిందేమంటే, ఆయన పెదాలు చదవడం మహా కష్టం! కుట్టిన వైపు పెదవి సరిగ్గా మూసుకోదు. ప, బ, మలు అందరి నోటా కనిపించినట్టు ఆయన నోట కనిపించవు. సగం మూసి సగం వదిలేసినట్టుంటాయి. పళ్ళక్క ఈ సంగతి పైకి చెప్పలేదు. కొత్త యాస నేర్చుకున్నట్టు ఆయన నోరు నేర్చుకుంది. కొన్నాళ్ళకు అలవాటైంది. తీరా అలవాటయ్యాక, మిగతావాళ్ళ ప, బ, మల తేడా తెలియకపోయినా ఆయనవి మాత్రం తెలిసేవి. ఒక్కోదానికి ఆ పెదవి ఒక్కో రకంగా వణికేది.

పరీక్ష ఊరి చివర పెద్ద హాలులో. నర్సుకూ అదే హాలు, కాకపోతే ఆ మూల. లెక్కలు అనుకున్నట్టే అయ్యాయి. ఇంగ్లీషు కూడా సాఫీగానే సాగుతోంది. జంటపదాల దగ్గర ఒక ప్రశ్న వచ్చింది: ఇద్దరి మధ్య తగువు తీర్చేవాడు ఎలా ఉండాలి? మాస్టారు పదిసార్లు చెప్పిన జంట అది. డిస్‌ఇంటరెస్టెడ్ అంటే ఎటూ మొగ్గనివాడు. అన్‌ఇంటరెస్టెడ్ అంటే అసలు పట్టించుకోనివాడు. జవాబు తెలుసు. కానీ కాగితం మీద రెండు జవాబులూ అన్‌ఇంటరెస్టెడ్ అనే ఉన్నాయి. మళ్ళీ చదివింది. అక్షరం అక్షరం చూసింది. రెండూ ఒకటే.

తల ఎత్తేసరికి హాలంతా అప్పుడే తలలు దించుకుంటోంది. అంతకుముందు క్షణం అందరూ ఏదో చూశారు, ఏదో విన్నారు, ఇప్పుడు కాగితం మీద ఏదో దిద్దుకుంటున్నారు. పర్యవేక్షకుడు చేతిలో చీటీ మడుచుకుంటూ వీపు తిప్పి నడిచిపోతున్నాడు. పళ్ళక్క చెయ్యెత్తింది. వచ్చాడు. ఆమె ప్రశ్న మీద వేలు పెట్టింది. అతను కాగితం మీదికి వంగి ఏదో అన్నాడు. ఆమెకు కనిపించింది అతని పాపిడి.

"నాకు వినపడదండీ. మొహం ఇటు పెట్టి చెప్పండి."

అతను చుట్టూ చూసి, నోటి మీద వేలు పెట్టుకుని, గడియారం చూపించాడు. వెళ్ళేటప్పుడు అన్న ఒక్క మాట దొరికింది: "చెప్పాను కదా."

రెండూ ఒకటే అయినప్పుడు ఏదైతేనేమిటని మొదటిది పెట్టింది.

బయటికి రాగానే నర్సు పరిగెత్తుకొచ్చింది. పళ్ళక్క అడిగింది వినగానే ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "అచ్చుతప్పు పడిందక్కా. రెండోదాన్ని డిస్ అని చదువుకోమని పైకి చదివారు. నువ్వు... నీకెవరూ చెప్పలేదా?"

జాబితా వచ్చింది. నర్సుకు సీటు వచ్చింది. పళ్ళక్కకు ఒక్క మార్కులో పోయింది.

వాళ్ళమ్మ నోట్లో సూదులు తీసి పక్కన పెట్టింది. "ఒక్క మార్కేనా? నువ్వు చేసిన తప్పా అది? వెళ్ళి అడుగు."

"ఎవర్ని అడగనమ్మా?"

"ఎవరు చదివారో వాళ్ళని. ఎవరు చదవమన్నారో వాళ్ళని."

మాస్టారు సాయం చేస్తానన్నారు. అర్జీ మాత్రం పళ్ళక్కే ఇంగ్లీషులో రాసుకొచ్చింది. ఆయన మొదట్నుంచి చివరిదాకా చదివి, ఒక చోట ఆగి నెత్తి కొట్టుకున్నారు. ఈ తప్పు నా ఫలితం మీద ప్రభావం చూపిందని రాయబోయి, అఫెక్ట్ రావలసిన చోట ఎఫెక్ట్ రాసింది. "ఇన్ని నెలలు చెప్పింది దీనికా! ఇదొక్కటి దిద్దకపోతే నేను నీతో రానే రాను" అన్నారు. దిద్దింది. ఇద్దరూ వెళ్ళారు.

పరీక్షల ఆఫీసులో పొడుగాటి బల్ల వెనక ఇద్దరు. ఒక అధికారి, ఆయన పక్కన పెద్ద వయసావిడ. ఆవిడ ఫోనులో ఏదో చూసుకుంటోంది. అధికారి అర్జీ తిరగేసి మాస్టారితో అన్నాడు: "ప్రకటన చేసినట్టు రికార్డులో ఉందండీ. ఆవిడకి చెప్పండి."

"ఆమెకే చెప్పండి. మిమ్మల్నే చూస్తోంది" అన్నారు మాస్టారు.

అధికారి ఇబ్బందిగా ఇటు తిరిగాడు. పళ్ళక్క అంది: "చేశారు సార్. చెయ్యలేదని నేననట్లేదు. నాకు వినపడదని దరఖాస్తులో రాశాను. అదీ మీ రికార్డులోనే ఉంటుంది. చెయ్యెత్తి అడిగాను కూడా."

"నియమం ప్రకారం సవరణలు పైకి చదివితే సరిపోతుందమ్మా."

"ఎవరికి సరిపోతుంది సార్?"

 పెద్దావిడ ఫోను బల్ల మీద బోర్లించి పెట్టింది. "ఆ ప్రశ్నేంటి?" అని అర్జీ తన వైపు లాక్కుని చదివింది. ఎటూ మొగ్గనివాడు, పట్టించుకోనివాడు. ఆవిడ పెదవి చివర చిన్న నవ్వు వచ్చి పోయింది. బోర్లించిన ఫోను వైపు ఒకసారి చూసుకుంది. తర్వాత మొహం ఎత్తి, తొందర లేకుండా, పళ్ళక్క చూస్తుండగా అడిగింది: "ఆ రోజు ఎక్కడ కూర్చున్నావు? ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పమ్మా."

చెప్పింది. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

జవాబు కొన్ని వారాలకు వచ్చింది. సీట్లన్నీ నిండిపోయాయి కాబట్టి జాబితా మార్చడం కుదరదు. అయితే వచ్చే పరీక్ష నుంచి ఏ సవరణనైనా ప్రతి హాలులో బోర్డు మీద రాసి తీరాలి.

"నువ్వు వెళ్ళింది సీటు కోసం, తెచ్చింది రూలు" అంది తల్లి. "ఊరందరికీ బోర్డొచ్చింది. నీకేమొచ్చింది?"

పళ్ళక్క కూడా గొప్పగా ఏమీ సంతోషించలేదు. చాలా రోజులు పుస్తకాలు ముట్టుకోలేదు. ల్యాబులో చేతులు పరధ్యానంగా నడిచి, ఒక ముసలాయనకు పాలలా తెల్లటి పళ్ళు చేసి పంపింది. అవి తిరిగొస్తాయనుకుంటే రాలేదు. ఆయనకు అవే నచ్చాయట. ఇరుగుపొరుగు కూడా కోరి అడుగుతున్నారని డాక్టరు కబురు పంపాడు. ఆ కబురు చదివి ల్యాబులో అందరూ నవ్వుతుంటే ఆమెకూ నవ్వొచ్చింది. ఆ సాయంత్రం పనయ్యాక మందుల షాపు మెట్లు దిగి ఇంటికి కాకుండా టైర్ల దుకాణం వైపు నడిచింది.

మాస్టారు మొదటి బెంచీ చూపించారు.

రెండో ఏడు నర్సు యూనివర్సిటీలో ఉన్నా సెలవు దొరికిన ఆదివారమల్లా పళ్ళక్క ఇంటికి వచ్చేది. ముందు గదిలో గుడ్డముక్కల మధ్య కూర్చుని ప్రశ్నలడిగేది. తల్లి మిషను తొక్కుతూ తానూ వినేది. కొన్నాళ్ళకు ఆవిడకూ కొన్ని మాటలు వంటబట్టాయి. "ఎనర్వేట్ అంటే బలమొచ్చేది కాదటే, పోయేది! పేరు చూస్తే టానిక్కులా ఉంది" అని బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళకు కూడా చెప్పేది.

పళ్ళక్క మళ్ళీ పరీక్ష రాసింది. హాలులో కొత్త బోర్డు, దాని ముందు మార్కర్ పట్టుకుని ఒక మనిషి. ఆ ఏడు ప్రశ్నపత్రంలో ఒక్క అచ్చుతప్పూ పడలేదు. ఆ మనిషి మూడు గంటలూ ఖాళీ బోర్డుకు కాపలా కాశాడు.

సీటు వచ్చింది. ఇంగ్లీషులో మార్కులు అదిరిపోయేలా ఏం లేవు. లెక్కలే ఒడ్డున పడేశాయి. నర్సు చదువు పూర్తి చేసి ఇప్పుడొక ఆసుపత్రి నడుపుతోంది. మాస్టారు అదే మేడ మీద అదే పాఠం చెబుతున్నారు. పళ్ళక్క పీజీ అయ్యాక ల్యాబుకు తిరిగి రాలేదు. పళ్ళకు వాడే లోహాలూ పింగాణీలూ పరీక్షించే కంపెనీలో చేరింది. క్యాపుల మీద గీత ఎందుకు పడుతుందో పీజీ మొదటి ఏడాదిలోనే తెలిసింది. లోపలి లోహం, పైనున్న పింగాణీ రెండూ చల్లారుతూ ముడుచుకుంటాయి. కానీ ఒకే పాళ్ళలో ముడుచుకోవు. ఆ లాగుడుకి గీత పడుతుంది. లోహం మార్చమని పాత యజమానికి రాసింది. ఆయన మార్చాడు. మార్చానని మాత్రం చెప్పలేదు.

ఆమె కోర్సులో చేరడానికి వెళ్ళిన రోజు గురించి కూడా చెప్పాలి. హాస్టలు దాకా దిగబెడతానని తల్లి వెంట బయల్దేరింది. పొద్దుటి రైలు. ఎదురెదురు సీట్లు, ఇద్దరివీ కిటికీలే. బండి కదిలిన దగ్గర్నుంచి ఆవిడ జాగ్రత్తలు చెబుతూనే ఉంది: గదికి గొళ్ళెం, తడి బట్టలు, ఎవరినీ నమ్మకపోవడం, ఎవరితోనూ దురుసుగా మాట్లాడకపోవడం, ముఖ్యంగా ఎవరి పళ్ళ గురించీ వ్యాఖ్యానించకపోవడం. పళ్ళక్క తలూపుతూ చూస్తోంది.

బండి కొండ దగ్గరికొచ్చి సొరంగంలో దూరింది. పెట్టెలో దీపాలు వెలగలేదు. చిమ్మచీకటి. తల్లి ఉన్నవైపు నుంచి చెవి మిషన్‌లో సన్నటి రొద మాత్రం వస్తోంది, ఆగకుండా. పళ్ళక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సొరంగం పొడుగైనదే. వెలుగు వచ్చేసరికి తల్లి ఇంకా మాట్లాడుతూనే ఉంది, కళ్ళు తుడుచుకుంటూ.

"అమ్మా, చీకట్లో ఏం చెప్పావు?"

"ఏం లేదే. దుప్పటి పెట్టానా లేదా అని అనుకుంటున్నా."

పళ్ళక్క లేచి పైన బెర్తు మీది సంచీ దించి, జిప్పు లాగి చూసింది. దుప్పటి ఉంది. తల్లికి చూపించి, సంచీ మళ్ళీ పైన పెట్టి, వచ్చి ఈసారి ఆవిడ పక్కన కూర్చుంది.